మన మందుల షాపు గురించి నాలుగు మాటలు
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మందుల షాపు కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



షాపు లెక్కలు కోశాధికారి అక్క ఇప్పుడే చదివారు. నేను వాటి జోలికి పోను. నేను చదివింది పదో తరగతి. మందులు ఎలా పనిచేస్తాయో చెప్పేటంత చదువు నాకు లేదు. రెండేళ్లుగా కమిటీలో ఉండి, వారానికి మూడు రోజులు షాపులో బిల్లులు రాస్తున్నాను కాబట్టి, మనవాళ్లు షాపు మీద వేస్తున్న నిందలకు జవాబు చెప్పమని కమిటీ నన్ను లేపింది.

మొదటి నింద ఏందంటే, "మన పొదుపు డబ్బుతో పెట్టిన షాపు, మనకే మందు ఇవ్వరా?" అని. నాకు వరసకు పిన్ని అయ్యే ఆమె సంక్రాంతి ముందు వచ్చి, నిద్ర పట్టట్లేదే, ఆల్‌ప్రాజోలం అట్ట ఒకటి ఇయ్యి అంది. డాక్టరు చీటీ ఏది పిన్నీ అంటే పాత అట్ట ముక్క చూపించింది. మా ఫార్మసిస్టు అమ్మాయి ఇవ్వలేదు, నేనూ ఇప్పించలేదు. నెల రోజులు నాతో మాట్లాడలేదు ఆవిడ. బయట షాపులో అడగ్గానే ఇచ్చారట, అది కూడా వచ్చి చెప్పింది!

అక్కా, ఇది మేము పెట్టిన రూలు కాదు. అట్ట మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందు. అందులో కూడా హెచ్1 అని ఒక జాబితా 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. నిద్రకిచ్చే ఆల్‌ప్రాజోలం, సెఫిక్సిమ్ లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు అందులోవే. అవి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగితే చూపించాలి. చీటీ లేకుండా ఏమని రాస్తాం? పిన్ని అడిగింది అని రాస్తామా?

జ్వరానికి పారాసిటమాల్, విరోచనాలకు ఓఆర్ఎస్ పొట్లం, ఇవి చీటీ లేకుండానే ఇస్తున్నాం. గొడవంతా నొప్పి బిళ్లల దగ్గర, యాంటీబయాటిక్‌ల దగ్గర వస్తోంది. నాట్లకు, కలుపుకు పోయొచ్చి నడుము నొప్పి అంటే నాకూ తెలుసు అది ఎట్లా ఉంటుందో. కానీ రంగు రంగుల బిళ్లలు పొట్లం కట్టి ఇస్తే రెండు గంటల్లో నొప్పి పోయిందంటున్నారే, అందులో చాలాసార్లు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడు ఉంటుంది. చీటీ లేకుండా నెలల తరబడి మింగితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అలవాటు పడ్డాక ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఆ పొట్లాలు మన షాపులో దొరకవు. వాటివల్ల వచ్చే ఆదాయం మనకు వద్దని కమిటీలో అందరం ఒకే మాట మీద ఉన్నాం.

రెండో నింద, తక్కువ రేటుకు ఇచ్చే మందు నాసిరకం అని. జనరిక్ అంటే అదే మందు, అంతే మోతాదు. తగ్గేది కంపెనీ పేరుకూ ప్రచారానికీ పెట్టే ఖర్చు. లైసెన్సు ఉన్న హోల్‌సేలు దగ్గర, బిల్లు మీద తప్ప ఒక్క అట్ట కూడా కొనం. ఆ బిల్లులో బ్యాచ్ నంబరు ఉండాలి, మనం ఇచ్చే బిల్లులో కూడా ఉండాలి. అది రాయడానికి టైం పడుతుందని, లైను పెరిగిపోతోందని విసుక్కునేవాళ్లు ఉన్నారు.

2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారా జిల్లాలో దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా చిన్న పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. తమిళనాడులో తయారైన సిరప్ అది. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉందని పరీక్షల్లో తేలింది. ఆ వార్త టీవీలో వచ్చిన రోజు మన మండలంలో తల్లులు సిరప్ సీసాలు పట్టుకుని షాపుకు వచ్చారు. కొనుగోలు బిల్లులన్నీ తీసి చూశాం. ఆ సిరప్ మనకు ఎప్పుడూ రాలేదని అరగంటలో చెప్పగలిగాం. వచ్చి ఉంటే ఏ ఊళ్లో ఎవరి బిడ్డకు ఇచ్చామో కూడా ఆ బిల్లులే చెప్పేవి. ఎవరూ విసుక్కోవద్దు, నంబరు రాయించుకునే పోండి. ఇంకో సంగతి, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వాడొద్దని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. అందుకే మేము చిన్న పిల్లల సిరప్ అడిగితే డాక్టరు దగ్గరికి పంపిస్తున్నాం.

గడువు సంగతి త్వరగా చెప్పేస్తాను. 8/2026 అని ఉంటే ఆగస్టు నెలాఖరు దాకా పనికొస్తుంది. అట్ట కత్తిరించేటప్పుడు తేదీ ఉన్న కొస చివరిదాకా ఉంచుతాం. గడువు అయినవి వేరే డబ్బాలో "అమ్మకానికి కాదు" అని రాసి పెడతాం. అది నష్టమే, లెక్కల్లో మీకు కనిపించింది అదే.

ఇక అందరికీ కోపం తెప్పించిన విషయం. ఫార్మసిస్టు అమ్మాయి కాన్పు సెలవులో పోయినప్పుడు, ఇంకొకరు దొరికేదాకా 11 రోజులు షాపు మూశాం. "సర్టిఫికెట్ గోడకు తగిలించే ఉంది కదా, నువ్వే కూర్చుని అమ్మొచ్చు కదా, అందరూ అట్లనే చేస్తున్నారు" అన్నారు. సర్టిఫికెట్ మందు ఇవ్వదు, అక్కా. చీటీ చదివి మందు ఇచ్చేది రిజిస్టరైన ఫార్మసిస్టే అని 1948 నాటి ఫార్మసీ చట్టంలోనే ఉంది. గ్లిమిపిరైడ్ 1 ఎంజీ, 2 ఎంజీ అట్టలు కొన్ని ఒకే రంగులో ఉంటాయి. డాక్టరు రాత చూసి, పేషెంటు వాడే మిగతా మందులు అడిగి, ఏది ఇవ్వాలో తేల్చుకునే చదువు ఆ అమ్మాయిది. నాది బిల్లు రాసే చదువు. షుగరు మందు ఎక్కువై మనిషి పడిపోతే 11 రోజుల అమ్మకం లెక్కలోకి వస్తుందా?

ఇన్సులిన్ గురించి. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. గడ్డకడితే పారేయాల్సిందే, కరిగాక వాడకూడదు. అందుకే ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరకు దూరంగా పెడతాం, పొద్దున, సాయంత్రం థర్మామీటరు చూసి పుస్తకంలో రాస్తాం. ఎండాకాలం కరెంటు పోతే తలుపు తెరవకుండా కూర్చోవడం తప్ప మా దగ్గర దారి లేదు. ఇంట్లో ఫ్రిజ్ లేనివాళ్లు వాడుతున్న ఇన్సులిన్ సీసాను తడవకుండా చిన్న డబ్బాలో పెట్టి, నీళ్లు చల్లిన మట్టికుండలో నీడన ఉంచుకోండి. ఎన్ని రోజుల్లో వాడేయాలో ఫార్మసిస్టును అడిగి సీసా మీదే తేదీ రాయించుకోండి.

కమిటీ తరఫున అడిగేవి రెండు. షాపు ఫ్రిజ్‌కు ఈ వేసవి లోపల ఇన్వర్టర్ బ్యాటరీ కావాలి. ఫార్మసిస్టు సెలవు పెట్టిన రోజులకు పక్క మండల సమాఖ్యతో మాట్లాడి ఇద్దరికీ కలిపి ఇంకొక ఫార్మసిస్టును పెట్టుకోవాలి, జీతం చెరి సగం. ఈ రెండూ ఈ రోజు తీర్మానం పుస్తకంలో రాయించమని అధ్యక్షురాలిని కోరుతున్నాను. సెలవు.