ఇంజనుకూ మంచినీళ్లు కావాలి

సముద్రం ఒడ్డున ఒక పల్లెలో మహిళల సమావేశం జరిగింది. బోటు ఇంజన్లు బాగుచేసే మెకానిక్ ఒకరు అక్కడ మాట్లాడారు. ఆ మాటలే ఈ పాఠం.



నేను వస్తుంటే ఒక అక్క నవ్వింది. "మేమేమన్నా వేటకు పోతామా? ఇంజనుతో మాకేం పని?" అంది. అక్కా, వేటకు పోయేది మగవాళ్లే. కాని ఇంజను కొనడానికి అప్పు ఎవరి పేరున తెచ్చారు? చాలా ఇళ్లలో పొదుపు సంఘంలో మీ పేరునే తెచ్చారు. ఇంజను పాడైతే ఆ పూట వేట లేదు. మీ తట్టలో చేప లేదు. అప్పు వాయిదా మాత్రం ఆగదు. ఇక నడి సముద్రంలో ఇంజను ఆగితే డబ్బు మాట తరవాత. మనిషి ఇంటికి వస్తాడా రాడా అన్నదే మాట. కాబట్టి ఇంజను మీది కూడా.

మన ఫైబర్ బోట్లకు వెనక తగిలించే ఇంజన్లు చిన్నవి. ఎనిమిది, పది గుర్రాల శక్తి ఉన్నవే ఎక్కువ. వాటిలో పదిహేను, ఇరవై ఏళ్ల నాటివి కూడా ఇంకా నడుస్తున్నాయి. ఇవి రెండు స్ట్రోకుల ఇంజన్లు. వీటిలో సామాన్లు తక్కువ. పాతదని తీసి పారేయక్కర్లేదు. వీటిని చంపేది వయసు కాదు. ఉప్పు, ఇసుక, నీళ్లు కలిసిన పెట్రోలు. ఈ మూడే. నా దగ్గరికి మంచం ఎక్కి వచ్చే ఇంజన్లలో ఎక్కువ వీటి వల్లే వస్తాయి.

ముందు ఉప్పు సంగతి చెబుతాను.

ఇంజను నడిస్తే వేడెక్కుతుంది. ఆ వేడి తగ్గాలి కదా. లారీకి రేడియేటరు ఉంటుంది. బోటు ఇంజనుకు సముద్రమే రేడియేటరు. ఇంజను కింది భాగంలో చిన్న చిన్న కన్నాలు ఉంటాయి. వాటిలోంచి సముద్రపు నీరు లోపలికి పోతుంది. లోపల ఒక రబ్బరు చక్రం తిరుగుతుంది. అది నీళ్లను పైకి తోస్తుంది. నీళ్లు ఇంజను చుట్టూ తిరిగి వేడిని తీసుకుని బయటకు పోతాయి. అందులో కొంచెం నీరు ఇంజను పక్కనో వెనకో ఒక కన్నంలోంచి సన్నటి ధారగా పడుతుంది. మీరు చూసే ఉంటారు. ఆ ధార ఉత్తినే పడటం లేదు. "నాకు నీళ్లు అందుతున్నాయి" అని ఇంజను చెబుతోందన్న మాట.

ధార పడలేదా? వెంటనే ఇంజను ఆపాలి. ఇంకాసేపు పోదాం, ఆ కెరటం దాటుదాం అనుకుంటే లోపల పిస్టన్ పట్టేస్తుంది. ముందు ఆపాలి. తరవాత ధార పడే కన్నంలో సన్నటి తీగ పెట్టి చూడాలి. ఇసుక అడ్డం పడితే అలా పోతుంది. కింది కన్నాలకు నాచు గాని, ప్లాస్టిక్ కాగితం గాని అంటుకుందేమో చూడాలి. అయినా ధార రాకపోతే రబ్బరు చక్రం చెడిందేమో చూపించాలి. ఆ రబ్బరు ముక్క ధర ఎంతో, పిస్టన్ పట్టేస్తే అయ్యే ఖర్చు ఎంతో ఏ మెకానిక్‌నైనా అడగండి. రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూడండి.

వేట నుంచి వచ్చాక ఇంజను లోపల సముద్రపు నీటి తడి మిగిలిపోతుంది. ఆ తడి ఆరిపోతుంది. ఉప్పు మిగిలిపోతుంది. రోజూ ఒక పొర. ఉప్పు మడిలో చూశారుగా, అదే పని ఇంజను లోపలా జరుగుతుంది. నీటి దారి సన్నబడుతుంది. లోపలి లోహం తినేస్తుంది. దీనికి మందు ఒకటే. మంచినీళ్లతో కడగాలి. పైన కడిగితే చాలదు. లోపల కడగాలి.

ఎలాగంటే, ఒక డ్రమ్ములో మంచినీళ్లు నింపాలి. ఇంజను కింది భాగం అందులో దించాలి. నీళ్లు లాగే కన్నాలు పూర్తిగా మునగాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. నెమ్మదిగా పది నిమిషాలు నడపాలి. నీళ్లు లేకుండా మాత్రం ఇంజనును ఒక్క నిమిషం కూడా నడపకూడదు. స్టార్టు అవుతుందో లేదో చూద్దామని ఒడ్డున ఉత్తినే తిప్పుతారు కొందరు. లోపల రబ్బరు చక్రానికి నీళ్లే నూనె. నీళ్లు లేకపోతే అది మాడిపోతుంది.

"మంచినీళ్లు ఎక్కడివి? తాగడానికే లేవు" అంటారు మీరు. నిజమే. ఆ నీళ్లు మోసేది కూడా మీరే. "రోజూ కడగక్కర్లేదులే" అని మగవాళ్లు అంటే మీకూ హాయిగానే ఉంటుంది. నేను ఒక దారి చెబుతాను. నాలుగైదు బోట్ల వాళ్లు కలిసి ఒక డ్రమ్ము పెట్టుకోండి. ఒకసారి నింపిన నీళ్లు రెండు మూడు రోజులు వాడుకోవచ్చు. పైన నూనె తెట్టు కడితే, నీళ్లు మురికైతే మార్చండి. బావి దగ్గర మాత్రం ఆ నీళ్లు పారబోయకండి. కొంచెం చప్పటి ఉప్పదనం ఉన్న బోరు నీళ్లైనా సముద్రపు నీళ్ల కన్నా నయమే. ఇక్కడ మోసేది మీరొక్కరే కావాలని ఎక్కడా రాసి లేదు. బోటు వాళ్లను కూడా రెండు బిందెలు పట్టమనండి.

ఇంజను నడుస్తున్నప్పుడు జాగ్రత్త. పైమూత తీస్తే లోపల పెద్ద చక్రం తిరుగుతూ ఉంటుంది. చీర కొంగు బొడ్లో దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. పిల్లల్ని దూరంగా ఉంచాలి. డ్రమ్ములో చెయ్యి పెట్టకూడదు. గదిలో గాని, పాకలో గాని నడపకూడదు. ఆ పొగ విషం.

కడగడం అయ్యాక పెట్రోలు గొట్టం ఊడదీసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా డ్రమ్ములోనే నడవనివ్వాలి. అప్పుడు కార్బురేటరులో పెట్రోలు మిగలదు. మిగిలితే రోజులు గడిచేకొద్దీ జిగురు కడుతుంది. సన్నటి దారులు మూసుకుపోతాయి. కిరసనాయిలుతో నడిచే పాత ఇంజన్లు కొన్ని ఉన్నాయి. వాటిని పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరసనాయిలుకు మారుస్తారు. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చి కాసేపు నడపాలి. లేకపోతే తెల్లారి తాడు లాగి లాగి భుజాలు పోతాయి.

ఇప్పుడు లెక్క. ఇది మీరు చేయగల పని.

రెండు స్ట్రోకుల ఇంజనుకు పెట్రోలులోనే ఆయిలు కలపాలి. ఎంత కలపాలో ఇంజనుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. దాన్నే పాటించాలి. చాలా ఇంజన్లకు 50 పాళ్లకు 1 పాలు. అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు. 5 లీటర్లకు 100. 10 లీటర్లకు 200. 20 లీటర్లకు 400. గీతలు ఉన్న కొలత సీసా ఒకటి ఇంట్లో పెట్టుకోండి. కంటి అంచనాతో పోయకండి. ఆయిలు తక్కువైతే పిస్టన్ గీరుకుపోతుంది. ఎక్కువైతే పొగ, మసి, డబ్బు దండగ. సగం పెట్రోలు పోసి, ఆయిలు పోసి, బాగా కదిపి, మిగతా సగం పోయండి.

ఏ ఆయిలు? డబ్బా మీద చదవండి. బోటు ఇంజను ఆయిలు డబ్బా మీద టి.సి. డబ్ల్యు. 3 అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. ఆ అక్షరాలు నేర్చుకోండి. చవకగా వస్తుందని కారులోంచి తీసిన నల్ల ఆయిలు పోయకండి. ఇప్పుడు నాలుగు స్ట్రోకుల ఇంజన్లు కూడా వస్తున్నాయి. వాటి పెట్రోలులో ఆయిలు కలపకూడదు. వాటికి ఆయిలు వేరే చోట పోస్తారు.

పెట్రోలు టిన్ను మూత గట్టిగా ఉండాలి. గుడ్డ గాని, జాలీ గరాటు గాని పెట్టి వడకట్టాలి. టిన్ను అడుగున నీళ్లు చేరతాయి. నీళ్లు ప్లగ్గు దాకా పోతే ఇంజను దగ్గి దగ్గి ఆగిపోతుంది. ఇంకో మాట. పెట్రోలు టిన్ను పొయ్యి ఉన్న ఇంట్లో పెట్టకండి. దాని ఆవిరి నేల మీద పాకుతూ పొయ్యి దాకా పోతుంది.

ప్లగ్గు గురించి కొంచెం చెబుతాను. ఇంజను చల్లారాక విప్పి చూడాలి. కొస లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను బాగుంది. నల్లగా తడిగా ఉంటే ఆయిలు ఎక్కువైంది, లేదా సరిగ్గా మండటం లేదు. తెల్లగా కాలిపోయినట్టు ఉంటే ఇంజను మరీ వేడెక్కుతోంది. అప్పుడు నీటి ధార చూడాలి, ఆయిలు కొలత చూడాలి. మళ్లీ బిగించేటప్పుడు ముందు చేత్తో తిప్పాలి. తరవాతే స్పానరు. మర చెడితే పెద్ద ఖర్చు.

కింద నీళ్లలో తిరిగే పంకా దగ్గర గేర్లు ఉంటాయి. వాటికి వేరే ఆయిలు. 100 గంటలకు ఒకసారి, లేదా 6 నెలలకు ఒకసారి మార్చాలి. రోజుకు 5 గంటలు నడిస్తే 20 వేటలకే 100 గంటలు అవుతాయి. తీసిన ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉందా? లోపలికి నీళ్లు పోయాయి. నీళ్లు ఎందుకు పోయాయి? చాలాసార్లు మన వల దారమే. తెగిన నైలాను దారం పంకా ఇరుసుకు చుట్టుకుంటుంది. అక్కడి రబ్బరు సీలును కోసేస్తుంది. కాబట్టి అప్పుడప్పుడు పంకా ఊడదీసి దారం తీసేయాలి. కొన్ని చిన్న ఇంజన్లలో పంకాకు మెత్తటి పిన్ను ఉంటుంది. రాయి తగిలితే గేరు విరగకుండా ఆ పిన్ను విరుగుతుంది. దాని బదులు ఇనప మేకు కొడితే పిన్ను విరగదు. గేరు విరుగుతుంది.

కింది భాగానికి బూడిద రంగు లోహపు దిమ్మ బిగించి ఉంటుంది. ఉప్పునీరు ఇంజనును తినకుండా ముందు దాన్ని తింటుంది. సగం కరిగాక మార్చండి. దాని మీద రంగు వేయకండి.

ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి? ఎవరికీ ఉండవు. "మొన్ననే మార్చాం" అంటారు. ఆ మొన్న ఎనిమిది నెలల కిందటిది. అందుకే ఒక నోటు పుస్తకం పెట్టండి. మీరు రాయండి. ఇలా రాస్తే చాలు:

జనవరి 10. గేరు ఆయిలు మార్చాము. వల దారం తీశాము.
జనవరి 11. వేట 5 గంటలు. పెట్రోలు 10 లీటర్లు, ఆయిలు 200. కడిగాము.
జనవరి 12. వేట 6 గంటలు. పెట్రోలు 14 లీటర్లు. నీటి ధార సన్నగా ఉంది.

ఈ మూడో వరుస చూడండి. గంట ఎక్కువ నడిచింది, సరే. కాని 4 లీటర్లు ఎక్కువ తాగింది. ధార సన్నబడింది. ఈ పుస్తకం తెస్తే నాకు సగం పని తప్పుతుంది. "ఏమో, ఆగిపోయింది" అని తెస్తే అంతా విప్పాలి. విప్పినదానికల్లా కూలి మీదే.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. పెద్ద పనులకు అదే అదను. బోటు ఒడ్డెక్కిన రోజే ఇంజను కడిగి, పెట్రోలు ఖాళీ చేయాలి. ప్లగ్గు తీసి ఆ కన్నంలో కొంచెం ఇంజను ఆయిలు పోసి, తాడు నెమ్మదిగా నాలుగుసార్లు లాగి, ప్లగ్గు బిగించాలి. గేరు ఆయిలు అప్పుడే మార్చాలి. జూన్ దాకా ఆగితే లోపల నీళ్లు ఉండి తుప్పు పట్టిస్తాయి. నీళ్లు తోసే రబ్బరు చక్రం ఏడాదికోసారి ఈ రోజుల్లోనే మార్పించండి. ఇంజనును నిలువుగా నిలబెట్టండి. గాలాడేలా గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ సంచీ బిగించి కడితే లోపల చెమట పడుతుంది.

ఒకవేళ కెరటం కొట్టి ఇంజను సముద్రంలో పడిపోతే, తీసి ఎండలో ఆరబెట్టకండి. అందరూ చేసేది అదే. ఎండితే తుప్పు గంటల్లో పడుతుంది. వెంటనే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గు తీసి, తాడు లాగి నీళ్లు బయటకు పంపాలి. లోపల ఆయిలు పోయాలి. అదే రోజు మెకానిక్ దగ్గరికి చేర్చాలి. రాత్రయినా సరే, తలుపు తట్టండి.

బోటులో ఒక సంచీ ఉండాలి. కొత్త ప్లగ్గు, ప్లగ్గు స్పానరు, స్టార్టు తాడు, పంకా పిన్ను, పట్టకారు, కత్తి. తాగే నీళ్లు, లైఫ్ జాకెట్లు, తెడ్లు వేరే. ఫోనులో 1554 నంబరు ఉండాలి. అది కోస్ట్ గార్డ్ నంబరు. సముద్రంలో ఆపద వస్తే డబ్బు లేకుండా చేయొచ్చు. సిగ్నలు అందని దూరం పోయే బోటు అయితే, ఎటు పోతున్నారో, ఎప్పటికి వస్తారో ఆ నోటు పుస్తకంలోనే రాసి ఉంచుకోండి. వెతికేవాళ్లు ముందు అడిగేది అదే.

చెప్పింది చాలు. బయట డ్రమ్ము నింపి పెట్టించాను. ఒక పాత ఇంజను కూడా తెచ్చాను. ఇద్దరిద్దరు రండి. కొంగులు దోపుకుని రండి. ప్లగ్గు విప్పి దాని రంగు ఏమిటో మీరే నాకు చెప్పాలి.