వరద గీతలు – ఉద్యోగి ఇల్లు
(శాఖల ప్రతినిధుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సోదర రైల్వే, తపాలా ఉద్యోగులారా!

వేతనాలు, ఖాళీల భర్తీ వంటి సమస్యలుండగా ఈ సభలో వరద పటాల ప్రసక్తి ఎందుకని కొందరు మిత్రులు ప్రశ్నించారు. కారణం చెప్పడం మా విధి.

2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. రాయనపాడు స్టేషను నీటి పాలై రైళ్లు నిలిచాయి. ఆ నెలలోనే హైదరాబాదులో మూసీ నదీగర్భంలోని ఇళ్లపై రెవిన్యూ సిబ్బంది ఆర్‌బి-ఎక్స్ అని గుర్తులు వేశారు. అక్కడ నీరు వచ్చి ముంచింది, ఇక్కడ గీత వచ్చి ముంచింది.

గీతలు వద్దని మేము అనడం లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. నది దారిలో ఇల్లుండరాదన్నది కాదనలేని సత్యం. వరద రోజున పట్టాల మీద నీళ్లలో నిలబడేది మన ట్రాక్‌మెన్ సోదరులే కదా!

అయితే గీత ఆలస్యానికి బాధ్యులెవరు? వరద మైదానాల నియంత్రణకు కేంద్రం 1975లోనే నమూనా బిల్లును రాష్ట్రాలకు పంపింది. సర్వే, ప్రకటన, నష్టపరిహారం అన్నీ అందులో ఉన్నాయి. మణిపూర్ 1978లో, రాజస్థాన్ 1990లో, ఉత్తరాఖండ్ 2012లో చట్టాలు చేశాయి. తక్కినవి చాలావరకు ఆ కాగితాన్ని అటకెక్కించి, అటువంటి భూములలోనే రిజిస్ట్రేషన్లు జరిపి, ఇంటిపన్ను వసూలు చేసుకున్నాయి.

ఇక మన ఉద్యోగి సంగతి. 2017 నిబంధనల ప్రకారం గృహనిర్మాణ అడ్వాన్సు 34 నెలల మూలవేతనం లేదా 25 లక్షల రూపాయలు, ఏది తక్కువైతే అది. ఇల్లు రాష్ట్రపతి పేర తనఖా. హక్కు పత్రాలు ప్రభుత్వం పరిశీలించిన తరువాతనే సొమ్ము చేతికి వస్తుంది. అగ్నికి, వరదకు, పిడుగుకు బీమా చేయించాలని కూడా నిబంధన. అనగా వరద సంగతి నిబంధన వ్రాసినవారికి తెలుసు! కాని బీమా నీటికే, గీతకు కాదు. గీత లోపల పడిన ఇంటిని కొనేవారుండరు. వాయిదా మాత్రం నెలనెలా జీతంలో కోత పడుతూనే ఉంటుంది. పదవీవిరమణ చేసినవారి గ్రాట్యుటీ యావత్తూ ఆ గోడలలోనే ఉంది.

మహారాష్ట్రలో 25 ఏండ్ల వరదకు నీలి గీత, 100 ఏండ్ల వరదకు ఎర్ర గీత అని వేరువేరుగా గీస్తారు. నీలి గీత లోపల కట్టడం నిషేధం. రెంటి నడుమ షరతులతో అనుమతి. మన పటాలలోనూ ఏ వరదకు ఏ గీతో తెలుగులో వ్రాసి, సర్వే నెంబర్లతో వార్డు కార్యాలయంలో ముందుగా ప్రదర్శించాలనీ, అభ్యంతరాలు విన్న తరువాతనే ఖాయం చేయాలనీ కోరుతున్నాము. అనుమతి చూసి కొన్నవారికి పరిహారం ఇవ్వాలి. అది చేతికందేవరకు అడ్వాన్సు కోత ఆపాలి.

పట్టా లేని గుడిసెలలో మన కాంట్రాక్టు సఫాయి కార్మికులున్నారు. వారిని విడిచి పట్టాదారుల కొరకే నోరు విప్పితే దానిని సంఘమనరాదు. పునరావాసం వారికీ పనిస్థలానికి దగ్గరలోనే కావాలి.

ప్రతి శాఖా తన సభ్యుల ఇళ్ల సర్వే నెంబరు, అనుమతి సంవత్సరం, మిగిలిన అడ్వాన్సు బాకీ వ్రాసి కేంద్ర కార్యాలయానికి పంపవలెను. అద్దెకుండేవారి పేర్లు వేరే కాగితంపై చేర్చండి.