తడి చెత్త మన నేలకు కావాలి



2021 అక్టోబరు 2న మన రాష్ట్రంలో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైంది. పట్టణాల్లో ఇంటింటికీ మూడు బుట్టలు పంచారు. తడి చెత్తకు ఆకుపచ్చ, పొడి చెత్తకు నీలం, ప్రమాదకరమైన వాటికి ఎరుపు. వెంటే చెత్త పన్నూ వచ్చింది. జనం గట్టిగా వ్యతిరేకించారు. 2024 చివరికి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. పన్ను పోయింది గానీ చెత్త బండి ఖర్చు పోలేదు. అది ప్రజల సొమ్ములోంచే వెళ్తుంది. ఆ సొమ్ము వృథా కాకుండా వేరుచేసిన చెత్త ఇవ్వడమే ఇప్పుడు మనం చేయగల అసలైన సాయం.

తడి చెత్త విలువ మన నేలను చూస్తే తెలుస్తుంది. మన అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. ఎర్ర నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ, తేమ నిలవదు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, ఎండుటాకులు ఎరువై చేనుకు చేరితే ఆ నేల నీటిని పట్టుకుంటుంది. ఇందుకే పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలు పెట్టి వర్మీకంపోస్టు చేయిస్తున్నారు. అయితే ప్లాస్టిక్ కవర్లు, పగిలిన బల్బులు కలిసిన ఎరువును ఏ రైతూ చేలో చల్లుకోడు.

ఇంకో మాట. మనం కలిపి పారేసిన చెత్తను ఎవరో చేతులతో విడదీయాలి. గాజుపెంకు, సూది గుచ్చుకునేది ఆ పారిశుద్ధ్య కార్మికులకే. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

అమ్మలారా, అయ్యలారా, పగిలిన గాజును కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. రేపు బండి వచ్చేసరికి తడి, పొడి వేరుగా ఉంచండి.