ముద్దాయి సమక్షము

(పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



న్యాయస్థానపు వాకిట బంట్రోతు ముమ్మారు పేరు పెట్టి పిలుచుట మీలో ననేకులు వినియుందురు. ఆ పిలుపును మనము ప్రభుత్వాజ్ఞగానే యెంచుచున్నాము. అది ముద్దాయి హక్కు కూడ నని చెప్పుటకే మేము మీ యెదుట నిలిచితిమి. మేము చట్టము నెరుగుదుము. గట్టు తగవు, పాత పగ, సాక్షి నిలిచితి నన్న తావు ముద్దాయికే తెలియును. సాక్షి బొంకినపుడు వకీలు చెవిని వేయవలసినవాడు అతడే. సాక్ష్యమును ముద్దాయి సమక్షమున గ్రహింపవలెనని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 273వ సెక్షను విధించినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన నాగరిక సురక్షా సంహిత 308వ సెక్షనును అదియే చెప్పుచు, దృశ్యశ్రవణ సాధనముల ద్వారా హాజరగుటను గూడ అంగీకరించినది.

ఈ నియమమును త్రోసిపుచ్చిన నేమగునో దేశము చూచినది. 1930లో లాహోరు కుట్రకేసు కొరకు పరప్రభుత్వము ప్రత్యేకముగ ఆర్డినెన్సు చేసి, ముద్దాయిలు లేకయే విచారణ సాగించినది. అక్టోబరు 7న భగత్‌సింగు, రాజగురు, సుఖదేవులకు మరణశిక్ష విధింపబడినపుడు వారు కోర్టున లేరు.

మన సీమ కష్టము వేరు. నిజాము కాలమున కోర్టు భాష ఉర్దూ. ఆ భాషలో ముద్దయీ యనగా వాది. మన వాడుకలో ముద్దాయి యనగా నిందితుడు! 1921లో హైదరాబాదు సభలో వకీలైన అల్లంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడగా నెగతాళి చేసిరి. వకీలుకే ఆ గతి పట్టిన, బోనులోని రైతు మాట చెప్పనేల? దేహము కోర్టున నుండెను, వినికిడి లేకుండెను. అర్థము కాని సమక్షము సమక్షము కాదు. తెలియని భాషలోని సాక్ష్యమును ముద్దాయికి తెలిసిన భాషలో వినిపింపవలెనని నేటి చట్టము శాసించుచున్నది.

2022 జూన్ 2 నుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేర్వేరు న్యాయజిల్లాలైనవి. కోర్టు దగ్గరైనది; కూలి మాత్రము దూరముననే యున్నది. బొంబాయి, పూనాలకు వలసపోయిన పాలమూరు కూలీ ప్రతి వాయిదాకు వచ్చిన తిండి పోవును; రాకున్న వారంటు వచ్చును. తగిన కారణము చూపిన హాజరు మినహాయించుటకు 228, 355 సెక్షనులు వీలు కల్పించినవి. ఈ సంగతి కక్షిదారునకు చెప్పని వకీళ్లు మాలోను కలరు. ఆ తప్పు మాదే.

ఇప్పుడు 356వ సెక్షను వచ్చినది. పదేండ్లు లేక అంతకు మించిన ఖైదు, యావజ్జీవము, మరణదండన విధింపదగిన నేరములలో పరారీగా ప్రకటింపబడినవాడు విచారణ తప్పించుకొనుటకు దాగియుండి, వెంటనే దొరకు నాశ లేనిచో, హాజరు హక్కును వదలుకొన్నట్లే యెంచి తీర్పు చెప్పవచ్చును. పలుకుబడి గల నేరస్థుడు ఏండ్ల తరబడి దాగి, బాధితులను ఏడిపించుట మాన్పుటకు ఇది యవసరమే. కాని దాగినవాడు వేరు, కబురందనివాడు వేరు. అందుచేతనే రెండు వారంటులు, పత్రికా ప్రకటన, బంధుమిత్రులకు తెలియజేయుట, ఇంటికి కాగితమంటించుట, అభియోగము మోపిన పిదప 90 దినముల గడువు విధింపబడినవి. తాళము వేసిన గుడిసెకంటించిన కాగితము నెవరు చదువుదురు?

మీరు చదువవలెను. పత్రికలో అట్టి ప్రకటన కనబడిననాడు పుట త్రిప్పివేయక, ఆ యూరికి కబురంపుడు. కూలీ యున్నచోటికి జాబు చేర్పుడు. నేరస్థుని కాపాడుమని మేము కోరుట లేదు. శిక్షింపదగినవానిని వాని యెదుటనే శిక్షింపనిండు. నిర్దోషి తన మాట తానే చెప్పుకొననిండు.