సీటు వదిలెయ్యమంటున్నదెవరు?

(రాజోలు ప్రాంతంలోని ఒక పేటలో, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ జరుగుతున్న రోజుల్లో, రాత్రిపూట జరిగిన సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



 ఈ రాత్రి నేను ఉపన్యాసం ఇవ్వడానికి రాలేదండి. మన పేటలో ఒక పిల్లకి ఇంజనీరింగ్ సీటొచ్చింది. కన్వీనర్ కోటాలో, మొదటి విడతలోనే. ఎల్లుండి సాయంత్రం లోపు చేరాలి. చేరాలా వద్దా అని మూడు రోజుల్నించి ఆ ఇంట్లో తగువు. తల్లి కువైట్‌లో ఉంది, ఫోన్లో ఏడుస్తంది. "ఇది వదిలేస్తే రెండో విడతలో మంచిదొస్తదంట కదా మాష్టారూ" అని మావయ్య నన్నడిగారు. ఎవరన్నారు మావయ్యా అంటే, నెట్ సెంటర్ కుర్రాడన్నాడట, తోట కామందు గారు కూడా అన్నారట.

ఆ మాట నేను పూర్వం విన్నదే. 1997లో నాకు ఇంజనీరింగులో ఫ్రీ సీటొచ్చింది. మా నాన్న కొబ్బరి దింపులు తీసేవాడు. అంతకుముందు సంవత్సరం నవంబరు 6న వచ్చిన తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. కోనసీమలో తోటలకి తోటలే నేలకొరిగాయి. చెట్టే లేకపోతే దింపు తీసేవాడికి కూలెక్కడిది? ఫీజుకీ బస్సు చార్జీలకీ నాన్న కామందు దగ్గరికెళ్ళాడు. ఆయన ఇవ్వననలేదు. "తొందరేముందిరా, వచ్చే ఏడు దగ్గర్లోనే వస్తది, ఈ ఏడు కుర్రాణ్ణి ఏదన్నా పనిలో పెట్టు" అన్నాడు. లేదంటే మా అమ్మ అప్పుడే ఇంకో గడప తొక్కేది. ఆగమన్నాడు కాబట్టి ఆగాం. చివరికి అమ్మ చెవులవి తాకట్టు పెట్టి నన్ను బస్సెక్కించేసరికి గడువు దాటి రెండు రోజులైంది. కౌంటర్లో గుమాస్తా తలెత్తకుండా "అయిపోయింది" అన్నాడు. మరుసటి ఏడు ఆ ర్యాంకూ రాలేదు. డిగ్రీ చదివాను, బీఈడీ చేశాను, డీఎస్సీ రాసి టీచరయ్యాను. టీచరైనందుకు నాకే బాధా లేదు. ఆ రెండు రోజులు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తాయి.

ఇదేదో పాతకాలం సంగతి అనుకోకండి. ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో అతుల్ కుమార్ అనే మన దళిత కుర్రాడు. తండ్రి రోజుకూలీ. 2024లో ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ సీటొచ్చింది. జూన్ 24 సాయంత్రం 5 గంటల్లోగా 17,500 రూపాయలు కట్టాలి. ఊళ్ళో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి పోగేసేసరికి పావుతక్కువ అయిదు. కంప్యూటర్లో వివరాలు నింపుతుండగానే గడువు ముగిసి సైటు మూసుకుంది. సీటు పోయింది! ఎస్సీ కమిషన్‌కి వెళ్ళాడు, మద్రాసు హైకోర్టుకి వెళ్ళాడు, చివరికి సుప్రీంకోర్టు సెప్టెంబరు 30న, రాజ్యాంగం 142వ అధికరణం కింద, ఆ కుర్రాణ్ణి చేర్చుకోమని ఐఐటీని ఆదేశించింది. సంతోషం. కానీ 17,500 దగ్గర ఆగిపోయిన మన పిల్లలందరూ ఢిల్లీ దాకా వెళ్ళగలరా? మావయ్యా, మీరు అమలాపురం వెళ్ళాలంటేనే ఆ పూట కూలి పోతుంది.

అందుకని ముందు ఇది వినండి. సీటొచ్చిందని ఫోనుకి మెసేజ్ వస్తే సీటు మనదైపోయినట్టు కాదు. పిల్ల లాగిన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చెయ్యాలి, ఆపైన కాలేజీకి వెళ్ళి రిపోర్ట్ చెయ్యాలి. రెండూ గడువులోపే జరగాలి. ఒకటి మానేసినా సీటు పోతుంది. ఇక రెండో విడత అంటారా, చేరినవాళ్ళు కూడా అందులో ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కొత్త సీటు రాకపోతే పాతది అలాగే ఉంటుంది. చేరి కూడా మంచిదాని కోసం చూడొచ్చన్నమాట. ఈ ముక్క ఆ కుర్రాడు చెప్పలేదు! కానీ కొత్తది వచ్చిందా, పాతది దానంతటదే రద్దవుతుంది, బతిమాలినా తిరిగివ్వరు. కాబట్టి ఇప్పుడున్నదానికన్నా నిజంగా మెరుగైన కాలేజీలే పెట్టాలి. జాబితా నిండాలని యాభై పేర్లు కొట్టేస్తే ఉన్నది పోయి ఎక్కడో పడతాం. ఆప్షన్లు పిల్ల పక్కన కూచుని పెట్టించుకోవాలి. పాస్‌వర్డూ ఓటీపీ ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

ఇంకో రకం వాళ్ళు మోటారు సైకిళ్ళ మీద పేటలోకి వస్తున్నారు. "మా కాలేజీలో చేరండి, ఫీజు గవర్నమెంటే ఇస్తది" అంటారు. ఏ కోటాలో అని అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా సీటుకే వస్తుంది. మేనేజ్‌మెంట్ సీటుకి లేదు, మిగిలిపోయిన సీట్లకి పెట్టే స్పాట్ అడ్మిషన్‌కీ లేదు. ఈ విడతలన్నీ అయ్యాక స్పాట్‌లో చేరితే మొత్తం ఫీజు మన నెత్తినే.

వచ్చిన ప్రతి సీటూ కళ్ళు మూసుకుని పట్టుకోమని నేననను. పాఠం చెప్పే మాష్టారే లేని కాలేజీలున్నాయి. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమైతే సర్టిఫికెట్లు బిగబట్టుకుని పిల్లల్ని ఏడిపించేవాళ్ళున్నారు. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, అయినా అడిగేవాడు లేకపోతే ఎవడు వింటాడు? అక్కడ చదివిన మన పిల్లల్ని వాకబు చెయ్యాలి. ఈ పిల్ల సీటు గురించి నేను ఇద్దరు సీనియర్లకి ఫోన్ చేశాను. లాబులు పర్వాలేదన్నారు, హాస్టల్లో కూర మాత్రం నీళ్ళేనన్నారు. నీళ్ళ కూర తినే కదండీ మనమంతా చదివాం.

బాబాసాహెబ్ సంగతి ఒక్కటి. 1917లో స్కాలర్‌షిప్పు గడువు తీరిపోయి లండన్ చదువు మధ్యలో ఆపి రావలసొచ్చింది. ఊరికే వచ్చెయ్యలేదాయన. నాలుగేళ్ళ లోపు తిరిగొచ్చి పూర్తి చేసుకుంటానని యూనివర్సిటీ దగ్గర అనుమతి తీసుకుని మరీ వచ్చాడు. డబ్బు కూడబెట్టి 1920లో మళ్ళీ వెళ్ళాడు. ఈ జిల్లాకి ఆయన పేరు పెడతామంటేనే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. ఆ పేరున్న జిల్లాలో ఈ పిల్ల కుల సర్టిఫికెట్ తీసుకుంది, దాని మీదే సీటొచ్చింది.

మావయ్యా, ఆడపిల్లని అంత దూరం ఎలా పంపుతామని మీరు అడగబోతున్నారు. మీ ఇంటావిణ్ణి కువైట్ పంపారు కదండీ. తిట్టడానికి అనడం లేదు. దేనికోసం పంపారో గుర్తు చేస్తన్నాను. దారి ఖర్చులకి కుర్రాళ్ళం తలాకొంచెం వేసుకున్నాం, అది అప్పు కాదు. రేపు పొద్దున్నే పిల్లనీ ఫోనునీ తీసుకుని మా ఇంటికి రండి, సెల్ఫ్ రిపోర్టింగ్ చేసేద్దాం. ఎల్లుండి మొదటి బస్సుకి నేను స్టాండులో ఉంటాను. కులం, ఆదాయం, టీసీ, మార్కుల లిస్టులు, అన్నీ ఒరిజినల్స్, రెండేసి జెరాక్సులు. ఫొటోలు మర్చిపోకండి.