రసీదు లేని బేరము



సికిందరాబాదునుండి మేడ్చలు వైపునకు పోవు రాజమార్గముపై నున్న మన సుచిత్ర నేఁడు గొప్ప బజారై యున్నది. వస్త్రములు, మందులు, మిఠాయిలు, విద్యుత్పరికరములు, ఇచట లభింపని వస్తువు లేదు. అయినను మన నగరములలో ఏ బజారున కేగినను కొనువాని మొఱ యొక్కటియే. మిఠాయితోపాటు అట్టపెట్టెయు తూకమున కెక్కును. నీళ్లసీసాపై ముద్రించిన గరిష్ఠ ధరకు చల్లదనము పేరిట మఱి కొంత చేరును. చెడిన వస్తువును మఱునాఁడు తెచ్చినచో, అమ్మిన సరకు వాపసు తీసికొనబడదను పంక్తిని రసీదుపై చూపుదురు. వర్తకులందఱు నిట్టివారని చెప్పుట నా యుద్దేశము గాదు. న్యాయముగా తూచువారు పెక్కుమంది గలరు. వంచకుని వలన వారి వ్యాపారమునకును హానియే.

మనకు చట్టము లేదా? కలదు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చెను. దాని స్థానమున 2019లో చేయబడిన చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చెను. రసీదు నిరాకరించుట అన్యాయ వర్తకమని యది స్పష్టముగా చెప్పుచున్నది. లోపముగల వస్తువును రసీదులో వ్రాసిన గడువులోపల, గడువు వ్రాయనిచో 30 దినములలోపల, తిరిగి తీసికొన నిరాకరించుటయు నట్టిదే. పెట్రోలు బంకులో ముద్రవేసిన 5 లీటర్ల కొలపాత్ర నుంచి, అడిగినవారికి కొలిచి చూపవలెను. ఇంటి గ్యాసుబండలో 14.2 కిలోల గ్యాసుండవలెను. ఖాళీ బండ బరువు దానిపైననే వ్రాసియుండును.

చట్టముండగా బాధ యేల తీరదు? ఐదు రూపాయల కొఱకు దినమంతయు పాడుచేసికొనువాఁ డెవఁడు? వంచకుని ధైర్యమంతయు నీ ప్రశ్నలోనే యున్నది. దినమునకు రెండువందల మందియొద్ద ఐదేసి రూపాయలు లాగినచో, ఏడాదికి మూడున్నర లక్షలకు మించును. మనము విడివిడిగా గొణుగుకొందుము; వాఁడు మొత్తముగా లెక్కించుకొనును. కలవాఁ డుపేక్షించిన యా యైదు రూపాయలే జీడిమెట్ల కర్మాగారములలోని కూలివాని కడుపు కొట్టుచున్నవి. కావున మన ఉపేక్ష ఔదార్యము గాదు.

ఇందులకు మార్గమును చట్టమే చూపినది. ఒకే బాధకు లోనైన వారందఱి పక్షమున, వినియోగదారుల కమిషను అనుమతితో, కొందఱు గూడి ఫిర్యాదు చేయవచ్చును. తాము నివసించు జిల్లాలోనే చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షలు మించనిచో రుసుము లేదు; వకీలు తప్పనిసరి కాదు; గడువు రెండేండ్లు. 1915 సంఖ్యకు ఫోను చేసినచో తొలి సహాయము దొరకును. జాప్యము లేదని యనను. కాని సాక్ష్యము లేని న్యాయము జాప్యముతో నైనను రాదు.

కావున పఠనమందిరమున నొక పుస్తకము తెఱువుడు. తేది, అంగడి, వస్తువు, చెల్లించిన ధర అందులో నెక్కించి రసీదు నంటింపుడు. పది రసీదు లొకచోట చేరిననాఁడు మన గొణుగుడు సాక్ష్యమగును. రేపు అంగడికి పోయినపుడు రసీదు నడుగుడు. ఇయ్యనివానియొద్ద కొనకుడు.