చెట్ల లెక్క మనమే వ్రాసుకుందాం
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునేవాళ్లము. కాప్రా, కుషాయిగూడ, యాప్రాల్ నుంచి తెలుగు మిత్రులు కూడా వచ్చారు గనుక తెలుగులోనే మాట్లాడమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. ప్రతి యేడు ఈ వేదిక మీద పిల్లల చదువు, స్కాలర్‌షిప్పులు, పెళ్లిళ్లలో దుబారా, వీటి గురించే మాట్లాడుకుంటాము. ఈసారి చెట్ల గురించి చెప్తామనగానే ఒక పెద్దాయన నవ్వి, "మాస్టర్ సాబ్, ఖబరస్తాన్‌కు ప్రహరీగోడ లేదు, మీకు చెట్లు కావలసి వచ్చాయా?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబే ఈ ప్రసంగము.

మన హైదరాబాదులో చెట్టుకూ మనిషికీ ఉన్న సంబంధం తెలియాలంటే అఫ్జల్‌గంజ్ వెళ్లాలి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న రోజున ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. మా ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నది ఆ వరదలోనే. ఏటా అదే తేదీన కొందరు పౌరులు ఆ చింత కింద చేరి చనిపోయినవారిని తలచుకుంటారు. ఆ చెట్టును ఎవరూ కొట్టలేదంటే కారణం సులువైనదే. అది ఎంతమందిని కాపాడిందో ఊరికి లెక్క తెలుసు.

చెట్టు నాటితే, దాని ఫలం మనిషి తిన్నా పక్షి తిన్నా పశువు తిన్నా నాటినవానికి సద్‌ఖా పుణ్యం వస్తుందని మన జల్సాలలో వింటూనే ఉన్నాము. విని ఇంటికి వెళ్లి, ఎండుటాకులు రాలుతున్నాయనీ, స్కూటర్ పెట్టుకోను జాగా లేదనీ వాకిట్లో వేపచెట్టు కొట్టిస్తున్నాము. ఈ మాట మీద ఎక్కువసేపు నిలవము. అందరికీ తెలిసిన సంగతే.

ఇక ప్రజలు కూడి చెట్లను, అడవులను కాపాడుకోవాలని చేసిన ఉద్యమాలు. హిమాలయాల్లో 1974లో రేణి గ్రామపు ఆడవాళ్లు గౌరాదేవి వెంట నడిచి చెట్లకు అడ్డం నిలబడిన కథ మా పిల్లలకు పాఠంగానే ఉన్నది. అంత దూరం పోనక్కరలేదు. మన నగరం చుట్టూ పదేళ్లలో జరిగినవే మూడు నాలుగు ఉన్నాయి.

జూబ్లీహిల్స్‌లో కె.బి.ఆర్. పార్కు ఉన్నది. ఒకప్పుడు నిజాం వంశంవారి చిరాన్ ప్యాలెస్ ఆవరణ. 1998లో జాతీయ ఉద్యానవనమైంది. 2016లో దాని చుట్టూ పైవంతెనలు కడతామని వేల చెట్లకు గురిపెట్టినప్పుడు జనం చేతులు పట్టుకొని మానవహారాలు కట్టారు, హరిత ట్రిబ్యునల్‌కు పోయారు, పని ఆగింది. కాని 2020లో పార్కు చుట్టూ రక్షణ వలయం ప్రకటించినప్పుడు దాని వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లే. మూడు మీటర్లంటే మన వరండా అంత! 2024లో వంతెనల పథకం ఇంకొక పేరుతో మళ్లీ వచ్చింది. గెలిచిన ఉద్యమం గెలిచినట్లే ఉండిపోదని దాన్ని చూసి తెలుసుకున్నాము. "అది పొద్దున్నే బూట్లేసుకొని నడిచే దొరల పార్కు, మనకెందుకు" అని మన బస్తీల్లో అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ ఉద్యమాల బలహీనత కూడా అక్కడే ఉన్నది. కాసేపట్లో ఆ సంగతికి వస్తాము.

కంచ గచ్చిబౌలి సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2025 మార్చి 30, ఆదివారం. ఉగాది పండుగ. ఆ సాయంత్రమే మనకు చాంద్ రాత్, మర్నాడు ఈద్. మనం సేమ్యాలు, అత్తరు కొనుక్కుంటూ ఉండగా, హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన 400 ఎకరాలలోకి మట్టి తవ్వే యంత్రాలు దిగాయి. అడ్డం పోయిన విద్యార్థులను పోలీసులు పట్టుకుపోయారు. ప్రభుత్వం చెప్పినది ఒకటే, ఆ భూమి మాది అని. 2024లో హైకోర్టు కూడా ప్రభుత్వానిదేనన్నది. కాని భూమి ఎవరిది అన్నది ఒక ప్రశ్న, దాని మీద ఏమున్నది అన్నది ఇంకొక ప్రశ్న. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఇదే. అడవి అనే మాటకు నిఘంటువులో ఉన్న అర్థమే అర్థం, యజమాని ఎవరైనా సరే అని. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, హైకోర్టు రిజిస్ట్రారును పంపి చూపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాలు చదునైపోయాయి. ఆ రోజే పనులన్నీ ఆపించారు. పోయిన అడవిని ఎట్లా తిరిగి పెంచుతారో చెప్పండని తర్వాత ప్రభుత్వాన్ని అడిగారు కూడా.

ఇందులో మేము పిల్లలకు చెప్పే విషయం వేరే ఉన్నది. ఆ రోజుల్లో ఫోన్ల నిండా బొమ్మలు తిరిగాయి. పారిపోయే జింకలు, ఏడ్చే నెమళ్లు. వాటిలో కొన్ని యంత్రంతో తయారుచేసినవి. వాటిని పట్టుకొనే ఉద్యమమంతా అబద్ధమని అనడానికి కొందరికి వీలు దొరికింది, కేసులు కూడా పెట్టారు. నిలబడినవి ఏవంటే, ఆ విశ్వవిద్యాలయం పిల్లలు, పంతుళ్లు యేళ్ల తరబడి తిరిగి వ్రాసిపెట్టుకున్న పక్షుల జాబితాలు, మొక్కల జాబితాలు. బొమ్మ ఏడిపిస్తుంది గాని, కోర్టులో సాక్ష్యం చెప్పేది జాబితాయే.

ఓడిన చోటు కూడా చెప్పాలి. వికారాబాదు జిల్లా దామగుండం అడవిలో 1,174 హెక్టార్లు నౌకాదళం రేడియో కేంద్రానికి ఇచ్చారు. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి శంకుస్థాపన చేశారు. అడవిలోని రామలింగేశ్వరుని గుడికి దారి ఉంటుందా, పశువులు ఎక్కడ మేయాలి అని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడిగారు. దేశరక్షణ అన్న మాట ముందు ఆ ప్రశ్నలు చిన్నవైపోయాయి.

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసినది చేవెళ్ల మర్రిచెట్ల సంగతి. హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే రోడ్డు మీద, పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. రెండు వైపులా నిజాం కాలపు మర్రులు. పైన కొమ్మలు కలిసి పందిరిలాగా ఉంటాయి. ఆ రోడ్డును నాలుగు వరుసలు చేస్తామన్నప్పుడు మర్రులన్నీ పోవలసిందే. అప్పుడు కొందరు పౌరులు ఏం చేశారయ్యా అంటే, సెలవు రోజుల్లో వెళ్లి ఒక్కొక్క మర్రినీ లెక్కపెట్టారు. ఏది ఎక్కడ ఉన్నదో గుర్తు వ్రాసుకున్నారు. మొత్తం 900కు పైగా తేలాయి. ఆ లెక్కతో ట్రిబ్యునల్‌కు పోయారు. రోడ్డు వద్దని వారు అనలేదు. మర్రులను నడుమ వదలి పక్కగా ఇంకొక దారి వేయండి అన్నారు. యేళ్ల తరబడి నలిగి, చివరకు నక్షా మారింది. ఎక్కువ చెట్లు ఉన్నచోటనే ఉండాలి, తప్పనివాటిని వేళ్లతో పెకలించి వేరే చోట నాటాలి అని తేలింది.

అడ్డంకి తొలగిన కొద్ది రోజులకే, 2025 నవంబరు 3న తెల్లవారి మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు వచ్చి తాండూరు ఆర్.టి.సి. బస్సును గుద్దింది. కంకర బస్సులోకి కూలింది. 19 మంది పోయారు. చదువుకోను పట్నం వస్తున్న ఆడపిల్లలు వారిలో ఉన్నారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. శవాలు ఇళ్లకు చేరకముందే మాట మొదలైంది, చెట్ల కోసం కేసు వేసినవాళ్ల వల్లనే రోడ్డు ఆలస్యమైంది, వాళ్లే చంపారు అని.

మేము దీన్ని తోసిపుచ్చము. ఇరుకు రోడ్డు మీద బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మర్రిచెట్టు గొప్పతనం చెప్పే ధైర్యం మాకు లేదు. కాని న్యాయంగా ఆలోచిస్తే, చెట్లు నిలిపి రోడ్డు వేసే దారి మొదటి నుంచీ కాగితం మీద ఉన్నది. ఆ నక్షాను మొదటి యేడే ఒప్పుకొని ఉంటే రోడ్డూ ఎప్పుడో పూర్తయ్యేది, మర్రులూ నిలిచేవి. ఆలస్యం చెట్టుది కాదు. గీత గీసేటప్పుడు చెట్టు ఉన్నదని చూడకపోవడం వల్ల వచ్చినది. ఇంతకుముందు బలహీనత అన్నది కూడా ఇదే. చెట్ల లెక్క పక్కన మనుషుల లెక్క లేకపోతే, చెట్టు మనిషికి శత్రువని చెప్పడం ఎవరికైనా సులువే. ఆ దారిన నడిచే కూలీలు, నీడన సంత పెట్టుకునే ఆడవాళ్లు, రోజూ బస్సెక్కే పిల్లలు ఉద్యమంలో ముందు వరుసలో ఉండవలసినవారు.

ఇప్పుడు మన కాప్రాకు వస్తాము. పాతవారు చెప్పే చెరువు, తాళ్లు, ద్రాక్షతోటలు పోయి ఇప్పుడు కాలనీలు. 2007లో కాప్రా గ్రేటర్ హైదరాబాదులో కలిసిన తర్వాత రోడ్ల పని ఎక్కువైంది, మంచిదే. సైనిక్‌పురిలో ఇంకా పెద్ద చెట్ల నీడ ఉన్నది. మన బస్తీలకు వస్తే మే నెలలో నెత్తి మాడిపోతుంది. పోయిన వేసవిలో మా బడి దారిలో కాంట్రాక్టరు మనుషులు వేపచెట్లు ఒక్క పూటలో కొట్టి ట్రాక్టరు మీద తీసుకుపోయారు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టరాదు. బస్తీవాళ్లు ఫిర్యాదుకు వెళితే అక్కడి గుమాస్తా అడిగినవి మూడే ప్రశ్నలు. ఎన్ని చెట్లు? ఎంత లావు? ఉన్నట్లు రుజువేమి? ఒకరు నాలుగన్నారు, ఒకరు ఆరన్నారు. మొదళ్లు కూడా పెకలించి మట్టి కప్పేశారు. కాగితం తిరిగి వచ్చింది. ఆ చెట్ల కింద చెప్పులు కుట్టే ఆయన ఇప్పుడు గొడుగు కట్టుకొని కూర్చుంటున్నాడు. తోపుడుబండి మీద జామకాయలు అమ్మే బీబీ ఎటు పోయిందో తెలియదు.

ఇక ప్రహరీగోడ. పెద్దాయనగారూ, గోడ కావాలి. మీతోపాటు మేమూ చందా వేశాము. కాని మేస్త్రీ తాడు పట్టిన గీత చూశారా? అది సరిగ్గా రెండు చింతల మీదుగా, ఒక వేప మీదుగా పోతున్నది. జూన్ నెల మధ్యాహ్నం జనాజా తెచ్చినప్పుడు ఖబర్ తవ్వేదాకా మనం నిలబడేది ఎక్కడ? ఆ చింతల కిందనే గదా. ముసలివాళ్లను కూర్చోబెట్టేది అక్కడే. మేస్త్రీని అడిగాము. గీత మూడడుగులు లోపలికి వంచితే రెండు చింతలూ బయటి వైపున క్షేమంగా ఉంటాయట. వేప దగ్గర గోడలో సందు విడిచి ఇనుప జాలీ పెట్టవచ్చునట. ఇటుకలు కొంచెం ఎక్కువ పడతాయి. బయటి వైపు ఉంటే నీడ మనది కాకుండా పోతుందని ఒకరు అన్నారు. రోడ్డున పోయేవాళ్లూ మనుషులే గదా, కూర్చోనివ్వండి.

అందుకని కార్యవర్గానికి మా మనవి. కట్టడం మొదలుపెట్టే ముందు సంఘం తరఫున ఒక రిజిస్టరు తెరవాలి. ఖబరస్తాన్‌లో, మస్జిద్ ఆవరణలో, మన బస్తీ రోడ్ల మీద ఉన్న ప్రతి చెట్టుకు ఒక నెంబరు. పేరు తెలుగులో, ఉర్దూలో. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున చుట్టుకొలత. ఏ ఇంటి ముందు ఉన్నది. ఒక ఫోటో, తేదీతో. ఆఖరి గడిలో, దాని కింద ఎవరు కూర్చుంటారు, ఎవరు బండి పెట్టుకుంటారు, ఎవరు బస్సు కోసం నిలబడతారు. ఈ ఆఖరి గడి సర్కారు ఫారంలో ఉండదు. మనం పెట్టుకుందాము. ఒక నకలు వార్డు ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోవాలి, ఒక నకలు అటవీశాఖకు. హిందూ సోదరుల బస్తీలవారు కూడా కలిస్తే గుడి రావికీ అదే రిజిస్టరులో నెంబరు వేస్తాము. చెట్లకు వేరే వేరే పుస్తకాలు అక్కరలేదు.

మా తొమ్మిదో తరగతి పిల్లలు ఇరవై మంది సిద్ధంగా ఉన్నారు. లెక్కల పంతులుగారు కూడా వస్తామన్నారు. వచ్చే ఆదివారం ఫజర్ నమాజు తర్వాత ఖబరస్తాన్ నుంచి మొదలుపెడతాము. సోమవారం మేస్త్రీ పునాది తవ్వుతాడు గనుక ఆ మూడు చెట్ల పని ఆ పూటనే కావాలి. కొలత టేపు ఒకటి మా దగ్గర ఉన్నది. ఇంకొకటి ఎవరైనా తేగలిగితే పని తొందరగా అవుతుంది.